స్వేచ్ఛా సాధనము - పఠనాలయముల కర్తవ్యము

ఉచితముగ లభించిన వస్తువును జనులు రెండు విధముల చెఱచుదురు. విలువలేనిదని త్రోసివేయుట యొకటి. ఒకమాఱు తెచ్చుకొని మఱల కన్నెత్తి చూడకుండుట రెండవది. థండర్‌బర్డ్ అను ఈమెయిలు సాధనమునకు ఈ రెండవ దుర్గతి పట్టుట కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల ఆఫీసులలో తఱచుగ కానవచ్చుచున్నది.

2004 డిసెంబరులో మొజిల్లావారు దీని 1.0 కూర్పును వెలువరించిరి. దీని సోర్సుకోడు బహిరంగము. ఎవరైనను చదువవచ్చును, మార్చవచ్చును, పొరుగువానికి పంచవచ్చును. జాబులను మన కంప్యూటరులోనే భద్రపఱచుకొనవచ్చును. పంపినవాడును అందుకొన్నవాడును దక్క అన్యులు జాబును చదువజాలని ఓపెన్‌పీజీపీ ఏర్పాటు 2020 నాటి 78వ కూర్పుతో ఇందులోనే చేరినది. సభ జరుపుటకు సైతము సర్కారు అనుమతి వలయునని గస్తీ నిషాన్ 53 శాసించిన గడ్డ యిది. 1935లో సిరిసిల్లలో ఆంధ్రమహాసభను జరుపుకొన్న గడ్డయు నిదియే. తన మాట తన యధీనమున నుండుట యెంత విలువైనదో మనకు వేఱుగ చెప్పనక్కఱలేదు.

అయినను పాతకూర్పుతో కాలము గడపువానికి ఈ రక్షణ దక్కదు. క్రొత్తకూర్పు వెలువడినప్పుడు, అందు సవరింపబడిన పాతలోపముల చిట్టాయు ప్రకటింపబడును. అది దొరకును దొంగకును సమానముగ అందును. కావున క్రొత్తది తెచ్చుకొననివాడు తన యింటి గోడలోని కన్నమును దొంగకు తానే చూపినట్లగును. కక్షిదారు తన వకీలుకు వ్రాసికొన్న రహస్యము, వర్తకుని లెక్కలు, రైతు భూమి పత్రములు, అన్నియు ఆ కన్నము దగ్గఱనే యున్నవి.

2025 మార్చి నాటి 136వ కూర్పు మొదలు నెలకొక కూర్పు వచ్చు పద్ధతియే సామాన్యమైనది. తఱచు మార్పు గిట్టని సంస్థలకు ఏటికొక ఈఎస్‌ఆర్ కూర్పు కలదు. దానికిని లోపముల సవరణలు మధ్యమధ్య వచ్చుచుండును. విండోస్ 7 యంత్రములకు 115వ కూర్పే కడపటిది. అట్టి యంత్రములు గలవారు లైనక్స్‌ను ఆశ్రయించుట మేలు.

ఉట్నూరు, నార్నూరు వైపు పల్లెలలో నెట్టు సరిగా అందదందురేని, దానికి విరుగుడు పఠనాలయములే. ఒక కార్యకర్త థండర్‌బర్డ్ డాట్ నెట్ అను అసలు స్థలమునుండియే దింపుకొని, ప్రకటిత షా-256 సంఖ్యతో సరిచూచి, పెన్‌డ్రైవులో పదిమందికి పంచవచ్చును. లైసెన్సు ఇందుకు అడ్డుపడదు. పాత జాబులకు నకలు తీసికొన్న పిదపనే క్రొత్తకూర్పు నెక్కింపవలెను. నకిలీ స్థలముల వలలో పడరాదు.

ఇది విదేశీయము కాదా యని కొందఱు శంకింతురు. స్వదేశీ కంపెనీ యిచ్చిన మెయిలుపెట్టెయు ఐమాప్ వీలున్నచో ఇందులో తెఱచుకొనును. రెంటికిని వైరము లేదు. సాధనము పుట్టిన ఊరు మాత్రమే కాదు, దాని కీలు మన చేత నున్నదా లేదా యనియు చూడవలెను. తాళముచెవి పరుల చేత నుండగా పెట్టె మనదని మురియుట యేమి స్వదేశీ?

థండర్‌బర్డ్ ముఖ్యముగ వాడువారి విరాళములతో నడచుచున్నది. ఆనాడు చందాలెత్తి గ్రంథాలయములను నిలిపిన పెద్దల వారసులమగు మనము, శక్తికొలది దీనికిని తోడ్పడుదము. నెలకొక సాయంకాలము ప్రతి పఠనాలయమును ఈ పనికి కేటాయించుగాక!