ఓటీపీ అడిగితే భద్రమేనా?
ఉచిత వైఫైపై తప్పుడు ధీమా

ఆనేకల్: ‘ఓటీపీ అడిగింది కదా... ఇంకేం భయం?’ బస్టాండులోనో, హోటల్లోనో ఉచిత వైఫైకి ఫోన్ కలిపేవారి ధీమా ఇదే. చందాపుర, బొమ్మసంద్ర ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవారు, హోసూరు నుంచి అత్తిబెలె మీదుగా ఎలక్ట్రానిక్ సిటీకి వచ్చిపోయేవారు ఎక్కువగా ఉన్న తాలూకా ఇది. కాస్త ఖాళీ దొరికితే చెయ్యి ఫోన్ మీదికే పోతుంది. అయితే ఆ ఓటీపీ పెట్టింది వాడేవారి రక్షణకు కాదు.

2008 నాటి పాఠం
2008 జూలైలో అహ్మదాబాద్ పేలుళ్లకు కొద్ది నిమిషాల ముందు మీడియాకు బెదిరింపు ఈమెయిల్ వచ్చింది. నవీ ముంబయిలోని ఓ ఇంటి వైఫైని ఎవరో వాడుకుని దాన్ని పంపారు. ఆ ఇంట్లో ఉంటున్న వ్యక్తిని పోలీసులు ప్రశ్నించారు. ఆ తర్వాత 2009 ఫిబ్రవరిలో టెలికాం శాఖ బహిరంగ వైఫై వాడేవారి గుర్తింపు నమోదు చేయాలని ఆదేశించింది. రేపు నేరం జరిగితే ఎవరు వాడారో తెలియాలన్నదే ఉద్దేశం. పక్కవాడి నుంచి మన ఫోన్‌ను కాపాడటం ఓటీపీ పని కాదు.

అసలు గండం నకిలీ పేరే
2010లో వచ్చిన ఫైర్‌షీప్ అనే చిన్న ప్రోగ్రాంతో, తాళం లేని వైఫైలో ఉన్నవారి ఫేస్‌బుక్ ఖాతాల్లోకి ఇట్టే దూరగలిగేవారు. తర్వాత పెద్ద వెబ్‌సైట్లన్నీ ఎన్‌క్రిప్షన్‌కు మారడంతో ఆ ముప్పు బాగా తగ్గింది. మోసగాళ్లు దారి మార్చారు. వైఫైకి ఏ పేరైనా పెట్టుకోవచ్చు. రైల్వే పేరో, మెట్రో పేరో పెట్టి, అచ్చం అలాంటి పేజీయే చూపి కార్డు వివరాలు, పిన్ అడిగితే, ఇచ్చినవారు తమ తలుపు తామే తీసినట్టు. బ్రౌజర్‌లో తాళం గుర్తు ఉంటే దారి భద్రమనే అర్థం. అవతలివాడు మంచివాడని కాదు.

కొట్టువారూ జాగ్రత్త
2020 డిసెంబరులో కేంద్రం ఆమోదించిన పీఎం-వాణి పథకంలో టీ కొట్టు యజమాని కూడా లైసెన్సు లేకుండా వైఫై ఇవ్వొచ్చు. అందులో వాడేవారి నమోదు ఉంటుంది. అలా కాక సొంత కనెక్షన్ పాస్‌వర్డ్‌ను గోడకు అంటిస్తే, రేపు పోలీసులు ముందుగా వచ్చేది ఆ గుమ్మానికే.

ఇవి పాటిస్తే మేలు
* వైఫై పేరు సరైనదో కాదో అక్కడి సిబ్బందిని అడగాలి.
* డబ్బు లావాదేవీలకు సొంత మొబైల్ డేటానే వాడాలి.
* లాగిన్ పేజీ కార్డు, పిన్, వాట్సాప్ కోడ్ అడిగితే వెంటనే బయటికి రావాలి.
* పని అయ్యాక ఆ నెట్‌వర్క్‌ను ఫోన్ నుంచి తొలగించాలి.
* డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కు ఫోన్ చేయాలి.