చదువుల ముచ్చట్లు: లాకూ లాంగ్ టర్మే

ఈ శీర్షికలో ప్రతి ఏటా పిల్లల చదువుల సంగతులే రాస్తున్నాను. ఈసారి మా ఇంటి సంగతి.

మా అమ్మాయి ఇక్కడే రియాద్‌లో పన్నెండో తరగతి చదువుతోంది. డాక్టరింట పుట్టి లా చదువుతానంటోంది. హైదరాబాదులో 1998లో వచ్చిన నల్సార్, విశాఖలో 2008లో వచ్చిన దామోదరం సంజీవయ్య విశ్వవిద్యాలయం వంటి వాటిలో ఐదేళ్ల లా కోర్సులో చేరాలంటే క్లాట్ రాయాలి. ఏడాదికి ఒక్కసారే, డిసెంబరులో. రెండు గంటల్లో 120 ప్రశ్నలు. తప్పు జవాబుకు పావు మార్కు కోత. పరీక్షా కేంద్రాలు ఇండియాలోనే.

అమ్మాయి ఆరు నమూనా పరీక్షలు రాసింది. ఒక్కసారీ ఎనభై ప్రశ్నలు దాటలేదు. చదవాల్సిన పేరాలు పొడుగు. సుప్రీంకోర్టు, పార్లమెంటు వార్తలు రోజూ చెవిన పడే పిల్లలు చకచకా చదివేస్తారు. ఇక్కడ పెరిగిన పిల్ల కొలీజియం అన్న మాట దగ్గరే ఆగిపోతోంది. చివరికి తనే, "డాడీ, ఈ ఏడు వద్దు, వచ్చే ఏడు రాస్తాను" అంది.

విన్న మిత్రులందరిదీ ఒకటే మాట: "ఒకసారి రాసి చూడమనండి డాక్టరు గారూ, పోయేదేముంది?" సెంటరు మన వీధి చివర ఉంటే నేనూ అదే అనేవాణ్ణి. క్లాట్ ఇన్నిసార్లే రాయాలన్న లెక్క కూడా లేదు. కానీ ఇక్కడినుంచి వెళ్లి రావాలంటే టికెట్ల సంగతి అలా ఉంచి, ప్రీబోర్డుల ముందు పది రోజులు పోతాయి.

ఆగడానికీ ఖర్చుంది. 2017 జూలైలో నెలకు 100 రియాళ్లతో మొదలైన డిపెండెంట్ ఫీజు 2020 జూలైకి 400 అయింది. ఏడాదికి 4,800. ఇకామా రద్దు చేయిస్తే అది మిగులుతుంది గాని, తర్వాత అమ్మాయి మా దగ్గరకు రావాలంటే మళ్లీ వీసా తీసుకోవాలి. మా ఆవిడకు మింగుడుపడనిది అదే. రెండు రాత్రులు లెక్కలు వేసుకుని, ఇకామా ఉంచాలనే నిర్ణయించాం.

బోర్డు పరీక్షలు కాగానే అమ్మాయి విజయవాడలో అమ్మమ్మ గారింటికి వెళుతుంది. రోజూ పేపరు, వారానికో నమూనా పరీక్ష. జూలై నాటికి వంద ప్రశ్నలు దాటకపోతే అక్కడే బి.ఏ.లో చేరి, చదువుతూనే క్లాట్ రాయాలి. ఈ షరతు తనే కాగితం మీద రాసి సంతకం పెట్టింది.

మెడిసిన్‌కు లాంగ్ టర్మ్ అంటే మనలో ఎవరూ వింతగా చూడరు. నేను ఎంసెట్‌కు లాంగ్ టర్మ్ చదివే డాక్టరునయ్యాను. మన అసోసియేషన్‌లో నాలాంటి వారు చాలామందే ఉన్నారు. లా అనేసరికి అదే ఏడాది వృథా ఎలా అవుతుంది? అయితే ఆగేదేదో నమూనా మార్కులు చూసుకుని, దరఖాస్తు ఫీజు కట్టకముందే తేల్చుకోవాలి.

మీ ఇంట్లోనూ ఇదే తర్జనభర్జన నడుస్తుంటే పండుగ రోజు భోజనాల దగ్గర కలవండి. మా అమ్మాయి ఆ కాగితం చూపిస్తుంది.