ముఖపత్రం అడుగున ఉన్న పేరు

పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లీషు పుస్తకాలలో ముఖపత్రం అడుగున, ఒక గీత కింద, రెండు మూడు వరుసలలో కొన్ని వివరాలు అచ్చయి ఉంటాయి: పుస్తకాన్ని ఎవరు అచ్చువేశారు, ఎవరి కోసం వేశారు, ఏ వీధిలో ఏ గుర్తున్న అంగడిలో అమ్ముతున్నారు, అది ఏ సంవత్సరం అన్నవి. పుస్తక చరిత్ర రాసినవారు చాలాకాలం ఈ వరుసలనే ప్రమాణంగా తీసుకొని ముద్రాపకుల జాబితాలు తయారుచేశారు. వాటిలో స్త్రీల పేర్లు అక్కడక్కడా, అదీ ఫలానావారి వితంతువుగానో కూతురుగానో కనిపించడంతో, ఆ వ్యాపారం మగవారిదేననీ, భర్త పోయాక కొడుకు చేతికంది వచ్చేదాకా కొందరు ఆడవారు దాన్ని కనిపెట్టుకొని ఉన్నారనీ ఒక అభిప్రాయం స్థిరపడింది. ఆ అభిప్రాయం తప్పు. ముఖపత్రం అడుగున ఉన్న పేరు పని ఎవరు చేశారో చెప్పదు. చట్టం ముందు ఎవరి పేరు నిలవగలదో, ఆపద వస్తే ఎవరు జవాబు చెప్పుకోవాలో మాత్రమే చెబుతుంది.

ఆనాటి ఇంగ్లండు న్యాయశాస్త్రం ప్రకారం పెళ్ళయిన స్త్రీకి భర్త నుంచి వేరుగా ఆస్తి లేదు. ఆమె సంపాదన, అంగడిలోని సరుకు భర్తవే అవుతాయి, ఆమె తన పేరుతో ఒప్పందం రాసుకోవడానికీ దావా వేయడానికీ వీలులేదు. పెళ్ళికాని స్త్రీకీ వితంతువుకూ ఈ హక్కులు ఉండేవి. లండన్ నగరపు ఆచారం మాత్రం, భర్తకు సంబంధం లేని వృత్తిలో ఉన్న భార్యను వేరు వ్యాపారిగా గుర్తించడానికి కొంత చోటిచ్చింది. ముద్రాపకులు, పుస్తక విక్రేతలు, బైండింగు పనివారు కలిసి ఏర్పరచుకొని 1557లో రాజశాసనం పొందిన స్టేషనర్స్ కంపెనీ అనే వృత్తి సంఘం, సభ్యుడు చనిపోతే అతని భార్య అచ్చుకూటం నడుపుకోవడానికీ, పని నేర్చుకొనే అప్రెంటిసులను పెట్టుకోవడానికీ అనుమతించేది. సభ్యుని కూతురు తండ్రి ద్వారా సభ్యత్వం పొందడమూ సాధ్యమే. అంటే స్త్రీ పేరు ముఖపత్రం మీదికి రావడం, రాకపోవడం అన్నది ఆమె నైపుణ్యం కంటే ఆమె పెళ్ళి మీద ఎక్కువగా ఆధారపడి ఉండేది.

లండన్ ముద్రాపకురాలు టేస్ సోల్ వృత్తి జీవితంలో ఈ సంగతి తేటగా కనిపిస్తుంది. ఆమె తండ్రి ఆండ్రూ సోల్ క్వేకర్ల ముద్రాపకుడు. రాజ్యం గుర్తించిన చర్చిని కాదని విడిగా ప్రార్థనలు జరుపుకొనే ఆ మతశాఖవారి పుస్తకాలు అచ్చువేసినందుకు వేధింపులకు గురైనవాడు. 1691లో అచ్చుకూటం కూతురి చేతికి వచ్చింది. 1695లో ఆమె స్టేషనర్స్ కంపెనీ సభ్యత్వం పొందింది. ఆమె పుస్తకాలు అమ్మడమే కాక స్వయంగా అక్షరాలు కూర్చగల మంచి కంపోజిటరు కూడా అని లండన్ పుస్తక వ్యాపారి జాన్ డంటన్ 1705లో మెచ్చుకున్నాడు. అప్పటివరకు పుస్తకాల మీద టి. సోల్ అన్న పేరు ఉండేది. 1706లో ఆమె థామస్ రేల్టన్‌ను పెళ్ళి చేసుకోగానే ఆ పేరు మాయమై, దాని చోట జె. సోల్ అని రావడం మొదలైంది; ఆ జె. సోల్ వృద్ధురాలైన ఆమె తల్లి జేన్. అచ్చుకూటం అదే, అక్షరాల గళ్ళు అవే, పని నడిపించే మనిషీ ఆమే. తల్లి వితంతువు కనుక తల్లి పేరు చట్టం ముందు నిలుస్తుంది, కూతురు భార్య అయింది కనుక ఆమె పేరు నిలవదు. 1711లో తల్లి చనిపోయిన తరవాత కూడా సొంత పేరుకు బదులు ‘జె. సోల్ హక్కుదారులు’ అన్న మాటే ఏళ్ళ తరబడి ముఖపత్రాల మీద కొనసాగింది. స్త్రీలు మతసభలలో మాట్లాడే హక్కును సమర్థిస్తూ 1666లోనే పుస్తకం రాసిన మార్గరెట్ ఫెల్ రచనల సంపుటం 1710లో వెలువడింది ఈ అచ్చుకూటం నుంచే. దాని ముఖపత్రం మీద టేస్ పేరు లేదు. పెళ్ళితో ఆమె పని ఆగిపోయిందని ఆ వరుస ఒక్కటే చూసినవారు అనుకుంటే ఆశ్చర్యం లేదు. నిజానికి 1749లో మరణించేదాకా ఆమె క్వేకర్ల ప్రధాన ముద్రాపకురాలు.

ఇక్కడ పేరు దాగింది. మరోచోట ఇంకొకరిని దాచడానికి స్త్రీ పేరు పనికొచ్చింది. అచ్చుకు ముందే ప్రభుత్వ అనుమతి కావాలన్న చట్టం 1695లో గడువు తీరిపోయాక వార్తాపత్రికలు, కరపత్రాలు లండన్‌లో వెల్లువెత్తాయి. అవి అచ్చుకూటం నుంచి వీధుల్లో కేకలువేస్తూ తిరిగి అమ్మేవారి చేతికి చేరడానికి నడుమ టోకు వ్యాపారులు ఉండేవారు. వీరిని మెర్క్యురీలు అనేవారు, వీరిలో ఎక్కువమంది స్త్రీలు. రాయల్ ఎక్స్చేంజి దగ్గర కూతుళ్ళతో కలిసి అంగళ్ళు నడిపిన ఎలిజబెత్ నట్, టెంపుల్ బార్ బయట నెమలి గుర్తున్న అంగడి యజమానురాలు ఆన్ డాడ్ అలాంటివారు. ఏ పత్రిక ఎన్ని ప్రతులు పోతుందో, దేన్ని ప్రముఖంగా పరచాలో, ఏ కరపత్రాన్ని బల్ల కింద దాచి ఇవ్వాలో నిర్ణయించింది వీరే. ప్రభుత్వానికి కోపం తెప్పించే రాత వెలువడితే రచయిత దొరకడు, అచ్చువేసినవాడు దొరకడు; అంగట్లో కూర్చున్న ఈ స్త్రీలు మాత్రం దొరికేవారు. రాబర్ట్ వాల్‌పోల్ ప్రభుత్వ కాలంలో వీరిద్దరూ పలుమార్లు అరెస్టయ్యారు. పసిపిల్లల తల్లులమనీ, అమ్మే కాగితాల్లో ఏముందో చదవలేదనీ ఇలాంటివారు అధికారులకు పెట్టుకున్న అర్జీలు ప్రభుత్వ దస్తాల్లో నిలిచి ఉన్నాయి. ఆ అర్జీలను నిస్సహాయుల మొరగా చదవడం సరికాదు. వార్తల పంపిణీని ఏళ్ళ తరబడి నడిపినవారికి తాము ఏమి అమ్ముతున్నామో తెలియదన్న మాట నమ్మదగింది కాదు. అమాయకత్వం వారికి ఉన్న కొద్దిపాటి రక్షణలలో ఒకటి, దాన్ని వారు తెలివిగా వాడుకున్నారు.

అలెగ్జాండర్ పోప్ 1728లో ‘డన్సియాడ్’ అనే వ్యంగ్య కావ్యాన్ని రహస్యంగా ప్రకటించినప్పుడు, అది ముందు డబ్లిన్‌లో అచ్చయిందన్న ఒక అబద్ధంతోపాటు లండన్ ప్రచురణకర్తగా ఎ. డాడ్ అన్న పేరు వేయించాడు. ఎలైజా హేవుడ్ అనే నవలా రచయిత్రిని ఘోరంగా అవమానించిన కావ్యం అది. ఒక స్త్రీని కించపరచిన పుస్తకానికి కవచంగా నిలిచింది మరొక స్త్రీ పేరు. అసలు హక్కుదారు తెర వెనుక ఉండి, కొద్ది ప్రతిఫలం తీసుకొనే వ్యాపారి పేరు మీద పుస్తకం అమ్మించే ఈ పద్ధతిలో పేరుమోసినవారిలో వార్విక్ లేన్‌లోని అబిగైల్ బాల్డ్విన్, పేటర్‌నాస్టర్ రోలోని మేరీ కూపర్ ఉన్నారు. మొదటామె 1698లో భర్త రిచర్డ్ పోయిన తరవాత 1713 దాకా వ్యాపారం చేసి, 1709లో మొదలైన ‘ఫీమేల్ టాట్లర్’ పత్రికను కొంతకాలం ప్రచురించింది. రెండో ఆమె 1743 నుంచి 1761లో మరణించేదాకా నడిపిన అంగడి నుంచి, నేడు నిలిచి ఉన్న ఇంగ్లీషు పిల్లల పాటల సంపుటాలలో అన్నిటికంటె పాతదైన ‘టామీ థంబ్స్ ప్రెట్టీ సాంగ్ బుక్’ వెలువడింది. థామస్ గ్రే స్మశాన విలాప కావ్యం 1751లో ఆరు పెన్నీల వెలతో వచ్చినప్పుడు ముఖపత్రం మీద మొదట హక్కుదారైన రాబర్ట్ డాడ్స్‌లీ పేరు, ఆ తరవాత అమ్మే చోటుగా కూపర్ పేరు ఉన్నాయి. ఈ వరస అర్థవంతమైనది. 1710లో అమలులోకి వచ్చిన చట్టం కొత్త పుస్తకానికి పద్నాలుగేళ్ళు, రచయిత బతికి ఉంటే మరో పద్నాలుగేళ్ళు కాపీరైటు ఇచ్చింది. నిజమైన సంపద ఆ కాపీరైట్ల వాటాలలో ఉండేది. ఆ వాటాలు పెద్ద వ్యాపారుల మధ్య, బయటివారికి ప్రవేశం లేని వేలంపాటలలో చేతులు మారేవి. అమ్మకం శ్రమా అరెస్టు ప్రమాదమూ స్త్రీల పాలయ్యాయి, వాటాలు చాలావరకు మగవారి దగ్గరే ఉండిపోయాయి.

పుస్తకం రాసిన స్త్రీకి కూడా ఇదే చట్టం అడ్డుతగిలింది. బ్రిస్టల్‌లో పాలు అమ్ముకొని బతికిన ఆన్ ఇయర్స్‌లీ కవితలను 1785లో రచయిత్రి హన్నా మోర్ చందాల పద్ధతిలో, అంటే కొనేవారి దగ్గర ముందే డబ్బు వసూలుచేసి, వెయ్యిమందికి పైగా చందాదారులతో వెలువరించింది. వచ్చిన సొమ్ము భర్త పాలు కాకుండా ఉండాలన్న కారణం చూపి, దాన్ని హన్నా మోర్, ఆమె స్నేహితురాలు ఎలిజబెత్ మాంటెగూ ధర్మకర్తలుగా తమ అధీనంలో ఉంచుకున్నారు. మోర్ భయం అకారణమైనది కాదు. భార్య ఆదాయం భర్తదేనన్న చట్టం అప్పుడు అమలులోనే ఉంది. అయినా సొంత రచన తెచ్చిన డబ్బు మీద అజమాయిషీ లేని స్థితిని ఇయర్స్‌లీ ఒప్పుకోలేదు, తన తరఫు వాదనను తరవాతి ముద్రణలోనే అచ్చువేయించింది. ఆమె పట్టుదలే న్యాయమైనది. చివరికి సొమ్ము ఆమె చేతికి వచ్చింది. 1793లో ఆమె బ్రిస్టల్ హాట్‌వెల్స్‌లో అద్దెకు పుస్తకాలిచ్చే గ్రంథాలయం తెరిచింది.

పేరు అచ్చుకాని శ్రమ ఇంకా చాలా ఉంది. కాగితం మిల్లులలో పాత గుడ్డలను ఏరి, గుండీలు ఊడదీసి, ముక్కలుగా కోసినవారు స్త్రీలు. అచ్చయిన కాగితాలను పుటల వరసలో మడిచి దారంతో కుట్టినవారు స్త్రీలు. లారెన్స్ స్టెర్న్ ‘ట్రిస్ట్రమ్ శాండీ’ మొదటి రెండు సంపుటాలు 1759 చివర యార్క్‌లో అచ్చయింది ఆన్ వార్డ్ అనే ముద్రాపకురాలి దగ్గరే అయినా, ఆ పుస్తకం ముఖపత్రం మీద ఆమె పేరు గాని ఊరి పేరు గాని లేవు. దీనికి భిన్నంగా తన పేరును నిలబెట్టుకున్న ఎలిజబెత్ బ్లాక్‌వెల్, భర్త అప్పులపాలై జైల్లో ఉండగా లండన్‌లోని చెల్సీ వైద్య వనం పక్కన ఇల్లు తీసుకొని, మొక్కలను ఎదుట పెట్టుకొని బొమ్మలు గీసి, వాటిని తానే రాగి రేకుల మీద చెక్కి, అచ్చయిన వాటికి తానే రంగులద్దింది. వారానికి నాలుగు చొప్పున 500 చిత్రాలతో 1737 నుంచి 1739 దాకా వెలువడిన ఆ ‘క్యూరియస్ హెర్బల్’ ఆమె భర్తను విడిపించడానికి తోడ్పడింది. చిత్రకారుడు, చెక్కుడు పనివాడు, రంగులద్దేవాడు వేర్వేరుగా చేసే మూడు వృత్తులు అక్కడ ఒక్క చేతిమీదుగా నడిచాయి.

భర్త పోయాకే స్త్రీలు పనిలోకి వచ్చారన్న వాదాన్ని అమెరికా వలసల చరిత్ర కూడా నిలవనివ్వదు. సీసపు అక్షరాలు కుడి ఎడమలు తారుమారై ఉంటాయి; వాటిని తలకిందుల వరసలో చదువుతూ వేగంగా కూర్చడం చేతికి రావాలంటే ఏళ్ళు పడుతుంది, పరామర్శకు వచ్చినవారు వెళ్ళేలోగా నేర్చుకొనే విద్య కాదు. రోడ్ ఐలండ్‌లో 1735లో భర్త జేమ్స్‌ను పోగొట్టుకున్న ఆన్ ఫ్రాంక్లిన్ మరుసటి ఏడే ఆ వలస ప్రభుత్వపు ముద్రణ పని సంపాదించింది. ఆమె కూతుళ్ళు తప్పుల్లేకుండా చురుగ్గా అక్షరాలు కూర్చేవారని అమెరికా ముద్రణకు తొలి చరిత్రకారుడైన ఐజయా థామస్ రాశాడు. జేమ్స్ తమ్ముడు బెంజమిన్ ఫ్రాంక్లిన్ పెట్టుబడితో చార్ల్స్‌టన్‌లో ‘సౌత్ కరోలినా గెజెట్’ నడిపిన లూయీ తిమోతీ 1738 డిసెంబరులో మరణించగా, 1739 జనవరికల్లా అతని భార్య ఎలిజబెత్ పత్రికను చేపట్టింది. పత్రిక మీద పడింది మాత్రం ఇంకా బాలుడైన కొడుకు పీటర్ పేరు. భర్త లెక్కలు పంపడంలో అసమర్థుడనీ, హాలండులో పుట్టి అక్కడి పద్ధతి ప్రకారం లెక్కలు నేర్చిన భార్య మూడు నెలలకోసారి తప్పకుండా స్పష్టమైన లెక్క పంపేదనీ, గడువు తీరేసరికి అచ్చుకూటాన్నే కొనుక్కుందనీ ఫ్రాంక్లిన్ తన ఆత్మకథలో మెచ్చుకున్నాడు. ఆడపిల్లలకు సంగీత నృత్యాలకన్న లెక్కలు నేర్పడం మేలని కూడా అన్నాడు. అంత మెచ్చుకున్న మనిషి ఆమె పేరు మాత్రం అందులో ఎక్కడా రాయలేదు, తిమోతీ వితంతువుగా పేర్కొని ఊరుకున్నాడు.

ఈ స్త్రీలను గౌరవించడమంటే వారిని మచ్చలేనివారిగా చూపడం కాదు. చార్ల్స్‌టన్ అప్పట్లో బానిసల సంతకు కేంద్రం; తిమోతీ కుటుంబపు పత్రికకు బానిసల అమ్మకాల ప్రకటనలూ, పారిపోయినవారిని పట్టిస్తే బహుమతి ఇస్తామన్న ప్రకటనలూ నిలకడైన ఆదాయం. ఇదే వ్యాపారంలో, ఇదే శతాబ్దం చివర, లండన్ హోబర్న్‌లో పుస్తకాలమ్మిన బాప్టిస్టు మతస్థురాలు మార్తా గర్నీ బానిసత్వానికి ఎదురు నిలిచింది. వెస్టిండీస్ చక్కెర మానేయమని ఇంగ్లండు ప్రజలను కోరుతూ విలియం ఫాక్స్ రాసిన కరపత్రాన్ని 1791లో ఆమె అమ్మకానికి పెట్టగా అది కొద్దికాలంలోనే ఇరవైకి పైగా ముద్రణలు పొందింది. గర్నీ పెళ్ళి చేసుకోలేదు, కాబట్టి ఆమె పుస్తకాల మీద ఎం. గర్నీ అన్న పేరు దశాబ్దాల పాటు చెక్కుచెదరలేదు.

అయితే పెళ్ళి కాకపోవడం కూడా పూర్తి రక్షణ కాదని బాల్టిమోర్‌లోని మేరీ కేథరిన్ గాడర్డ్ కథ చెబుతుంది. తమ్ముడు విలియం స్థాపించిన ‘మేరీలాండ్ జర్నల్’ను 1774 నుంచి ఆమే నడిపింది, 1775లో ఊరి పోస్టుమాస్టరు అయింది. స్వాతంత్ర్య ప్రకటనను సంతకాలు చేసినవారి పేర్లతో సహా అచ్చువేయాలని 1777 జనవరిలో కాంగ్రెస్ తీర్మానించినప్పుడు ఆ పని ఆమెకే వచ్చింది. యుద్ధంలో ఓడితే రాజద్రోహానికి సాక్ష్యంగా నిలిచే ఆ కాగితం అడుగున, అలవాటైన పొడి అక్షరాలకు బదులు, ఆమె తన పూర్తి పేరు వేసుకుంది. 1784లో తమ్ముడితో తగవు వచ్చి పత్రిక మీద ఆమె పేరు పోయింది. 1789లో, దక్షిణాది తపాలా కార్యాలయాలకు ప్రయాణాలు చేయవలసి ఉంటుందనీ అది స్త్రీకి సాధ్యం కాదనీ చెప్పి ఉద్యోగం తీసేశారు. బాల్టిమోర్ వ్యాపారులు, పౌరులు రెండు వందల మందికి పైగా సంతకాలు చేసి ఆమెను కొనసాగించాలని కోరారు. ఆమె స్వయంగా అధ్యక్షుడు వాషింగ్టన్‌కు రాసుకుంది. తాను జోక్యం చేసుకోనని ఆయన జవాబిచ్చాడు. గాడర్డ్ ఆ తరవాత కూడా బాల్టిమోర్ వదలలేదు. మరో ఇరవై ఏళ్ళ దాకా సొంత పేరుతో పుస్తకాల అంగడి నడిపింది.