మెత్తని మాటలు

హాస్యకారులు కేవలము ప్రొద్దుపుచ్చుటకే పనికివత్తురని పలువుర యభిప్రాయము. అది సరికాదు. తన దేశపు దోషములను తనవారికే చూపి నవ్వించువాడు గొప్ప యుపకారము చేయుచున్నాడు. అమెరికా దేశస్థుడగు జార్జి కార్లిన్ అట్టివారిలో నొకడు. ఆయన 1937వ సంవత్సరమున న్యూయార్కు నగరమున జన్మించెను. యౌవనమున కొంతకాలము వైమానిక దళమున కొలువు చేసెను. పిదప వేదికపై నొంటరిగా నిలిచి జనులను నవ్వించుటయే వృత్తిగా గైకొని, 2008లో మరణించెను. ఆయన పలుకులలో మొరటుదనము మెండు; అది యనుకరింపదగినది కాదు. ఐనను ఆయన యాలోచన గ్రహింపదగినది.

అమెరికనులు కఠిన సత్యములను మెత్తని మాటలతో గప్పిపుచ్చుదురని 1990 నాటి ప్రసంగమున ఆయన యాక్షేపించెను. ఫిరంగిగుండ్ల నడుమ మనస్సు చెదరిన సైనికుని స్థితిని మొదటి ప్రపంచ యుద్ధమున ‘షెల్ షాక్’ అనిరి. రెండవ యుద్ధమున నదియే ‘బ్యాటిల్ ఫెటీగ్’, అనగా యుద్ధపు టలసట, అయ్యెను. కొరియా యుద్ధము నాటికి ‘ఆపరేషనల్ ఎగ్జాషన్’, అనగా కార్యభారముచేత గలిగిన బడలిక, అయ్యెను. వియత్నాము యుద్ధానంతరము ‘పోస్ట్ ట్రామాటిక్ స్ట్రెస్ డిజార్డర్’ అను నాలుగు మాటల పేరు వచ్చెను. పేరు పొడవగుకొలది దానిలోని బాధ కనుమరుగయ్యెననియు, పాత పేరే యుండినచో వియత్నాము నుండి మరలివచ్చిన సైనికులకు దగిన యాదరణ లభించియుండునేమో యనియు ఆయన వాదము.

ఈ వాదము సగమే సత్యమని నా తలపు. ఆ కఠోరమైన పాత పేరు వాడుకలో నున్న దినములలోనే రోగులు పిరికివారని నిందింపబడిరి. పిరికితనము, పారిపోవుట మున్నగు నేరములకై నాడు మరణదండన పొందిన 306 మంది సైనికులను బ్రిటిషు ప్రభుత్వము 2006లో క్షమించెను. అప్పటికి వారిలో నొక్కడును బ్రతికి లేడు. వారిలో కొందరీ రోగ పీడితులేయని చరిత్రకారుల యభిప్రాయము. కార్లిన్ పరిహసించిన పొడవాటి పేరును 1980లో అమెరికా మానసిక వైద్యుల సంఘము రోగముల పట్టికలో జేర్చెను. అందులకై పాటుపడినవారిలో వియత్నాము సైనికులును గలరు. ఆ పేరువలన వారి బాధ చికిత్స చేయదగిన రోగమని యంగీకరింపబడెను.

అట్లైన మెత్తని మాట మంచిదా, చెడ్డదా? మన యిండ్లలో బియ్యము లేవనుటకు మారుగా ‘నిండుకొన్నవి’ అందురు. దీప మారినదనక ‘కొండెక్కినది’ అందురు. వీనివలన నెవ్వరును మోసపోరు. నిండుకొన్నవని వినగానే యింటివారు బియ్యమునకై బయలుదేరుదురు. మాట మెత్తనైనను పని యాగదు. కావున మాట యొక్క కాఠిన్యమును గాక, దాని వెనుక సాయము వచ్చుచున్నదా లేదా యని విచారింపవలెను. సాయము రానిచో నెంత చక్కని పేరైనను ముసుగే. వచ్చినచో నెంత పొడవాటి పేరైనను దోషము లేదు.

విద్యార్థులు వార్తాపత్రికలు చదువునప్పుడు నిట్టి మాటలు తరచుగా గనబడును. అప్పుడు వాని వెనుక నెవరు బాధపడుచున్నారో, వారికెవరు తోడ్పడుచున్నారో యడిగి తెలిసికొనుట మేలు. నవ్వు ముగిసిన పిదప ఈ ప్రశ్న మనలో మిగిలినచో హాస్యకారుని శ్రమ ఫలించినట్లే.