చెప్పుకోలేని బాధకూ వైద్యం వుంది

క్రిందటి నెలలో ఒక సోదరి నాకు ఉత్తరం వ్రాశారు. ఊరూ పేరూ ఇవ్వనక్కరలేదు. ఉత్తరంలో విషయం మాత్రం మీ అందరికీ చెప్పవలసినది.

"అక్కయ్యగారూ, మా పెళ్ళయి పన్నెండేళ్ళయింది. ఇద్దరు పిల్లలు. మూడేళ్ళుగా మేమిద్దరం ఒకే ఇంట్లో వేరు వేరు వాటాల్లో అద్దెకున్నవాళ్ళలా బ్రతుకుతున్నాం. మా డాక్టరుగారు ఇద్దర్నీ సెక్స్ థెరపిస్టు దగ్గరికి వెళ్ళమని చీటీ వ్రాసిచ్చారు. నాలుగు నెలలైంది. ఆ చీటీ బియ్యం డబ్బాలో దాచాను. అక్కడ ఏం చేస్తారు? ఏం అడుగుతారు? తప్పు నాదేనంటారా?"

ఈ ఉత్తరానికి వెంటనే జవాబు వ్రాయలేకపోయాను. ఇంటిల్లిపాదీ చదివే పత్రిక గదా, ఎంతవరకు వ్రాయవచ్చు అన్న సంకోచం ఒక కారణం. అంతకన్న పెద్ద కారణం మరొకటి వున్నది. అలాంటి చీటీ ఒకటి నేను కూడా దాచాను. బియ్యం డబ్బాలో కాదు, శబ్దరత్నాకరం పుటల మధ్య. తెలుగు మాటలన్నిటికీ అర్థాలు చెప్పే ఆ నిఘంటువు నా బల్లమీద వుండగా, నా బాధ చెప్పుకోవడానికి మా వారి ముందు నాకొక్క మాట దొరకలేదు.

నా ముప్ఫై తొమ్మిదో ఏట గర్భసంచీ తీసివేశారు. అండాశయాలు కూడా తీశారు. ఈ ఆపరేషను మన ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రాల ఆడవాళ్ళలో దేశంలోకెల్లా ఎక్కువగా జరుగుతున్నదని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతున్నది. కుట్లు మానాయి, ఉద్యోగంలో చేరాను. కాని ఆ తర్వాత దాంపత్య జీవితంలో నాకు మిగిలింది నొప్పి ఒక్కటే. అలా జరగవచ్చునని నాకెవరూ చెప్పలేదు. నేనూ ఎవరినీ అడగలేదు.

నేను గూడెం కొత్తవీధిలో వుంటాను, మా వారి ఉద్యోగం నర్సీపట్నంలో. శనివారం సాయంత్రం బస్సుకు ఆయన కొండెక్కి వచ్చేవారు. నేను శనివారం రాత్రులకు జవాబు పత్రాలు దిద్దే పని పెట్టుకున్నాను. ఆయన మెల్లగా శనివారాలు మానడం మొదలుపెట్టారు. నాకు తనంటే ఇష్టం పోయిందని ఆయన అనుకున్నారు. నేనంటే ఆయనకు మోజు తీరిందని నేననుకున్నాను. రెండేళ్ళు ఇలా గడిచాయి. ఇద్దరం ఒకరితో ఒకరు ఎంతో మర్యాదగా మాట్లాడుకునేవాళ్ళం. ఆ మర్యాదే నన్ను ఎక్కువ భయపెట్టింది.

చివరికొక చలికాలం తెల్లవారుజామున, కాఫీ తోటలమీద మంచు ఇంకా విడవకముందే, చింతపల్లి మీదుగా లంబసింగి ఘాటు దిగాను. నర్సీపట్నంలో మా వారు కలిశారు. ఇద్దరం విశాఖపట్నం బస్సెక్కాం. దారిపొడుగునా ఆయన కిటికీలోంచి చూస్తూనే వున్నారు.

చెల్లెమ్మా, మీరడిగిన ప్రశ్నలకు ఇక వరసగా జవాబు చెబుతాను.

ముందు చూసేది శరీరాన్ని. మనసు సంగతి తర్వాత. నన్ను స్త్రీల డాక్టరమ్మ పరీక్షించారు. అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజెన్ అనే హార్మోను ఒక్కసారిగా తగ్గిపోతుందనీ, దానితో లోపలి పొర పలచబడి పొడిబారుతుందనీ, నొప్పికి కారణం అదేననీ ఆమె వివరించారు. అక్కడ వాడే హార్మోను క్రీము, తడినిచ్చే జెల్ వ్రాసిచ్చారు. ఇది అందరికీ సరిపడే మందు కాదు, డాక్టరు చూసి ఇవ్వవలసిందే. మగవాళ్ళకయితే చక్కెర వ్యాధి, రక్తపోటు, పొగాకు, త్రాగుడు, వాడుతున్న మందులు అన్నీ విచారిస్తారు. రక్తపోటుకూ, దిగులుకూ ఇచ్చే కొన్ని మందులవల్ల కూడా ఈ బలహీనత రావచ్చు. మరొక సంగతి ప్రతి ఇల్లాలూ గుర్తుంచుకోవాలి. మగవారిలో అంగస్తంభన లోపం ఒక్కొక్కప్పుడు గుండెజబ్బుకు ముందుగా కనిపించే హెచ్చరిక. సిగ్గుపడి దాచుకుంటే పోయేది మానం కాదు, ప్రాణం.

తర్వాత మాటల వైద్యం. గది ఎలా వుంటుందోనని నేనూ మీలాగే భయపడ్డాను. ఒక బల్ల, మూడు కుర్చీలు, మంచినీళ్ళ సీసా, అంతే. ఆ గదిలో ఎవరూ ఎవరినీ ముట్టుకోరు. బట్టలు విప్పమని అడగరు. శరీర పరీక్ష కావలసివస్తే అది డాక్టరు చేసేది, మీరు ఒప్పుకుంటేనే. తోడుగా మరొక స్త్రీ వుండాలని మీరు అడగవచ్చు. ఇందుకు భిన్నంగా ఎవరు ప్రవర్తించినా వెంటనే లేచి వచ్చేయండి. అది వైద్యం కాదు.

ఏం అడుగుతారు? బాధ ఎప్పుడు మొదలైంది, అంతకుముందు ఎలా వుండేది, నిద్ర ఎలా పడుతుంది, అప్పులున్నాయా, పిల్లలు ఏ గదిలో పడుకుంటారు, ఈ విషయాల గురించి చిన్నప్పుడు ఇంట్లో ఏం విన్నారు? మమ్మల్ని కలిపి కొంతసేపు, విడివిడిగా కొంతసేపు అడిగారు. జవాబు చెప్పడం ఇష్టం లేకపోతే "ఇప్పుడు చెప్పలేను" అనవచ్చు. నేను రెండు ప్రశ్నలకు అలాగే అన్నాను. మనం చెప్పింది బయటికి పొక్కనివ్వకూడదు. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగికి ఆ హక్కు ఇచ్చింది. ప్రాణహాని వున్నప్పటివంటి కొన్ని సందర్భాలు మాత్రమే దానికి మినహాయింపు.

తప్పెవరిదంటారా? ఆ ప్రశ్న నేనే అడిగాను. వైద్యులు నవ్వి, "మీరిద్దరూ వచ్చింది కోర్టుకు కాదమ్మా. ఇద్దరూ ఒకవైపు, సమస్య ఒకవైపు అనుకోండి" అన్నారు. అప్పటిదాకా మాట్లాడని మా వారు, "నేను ముట్టుకుంటే ఆవిడ ఉలిక్కిపడేది. నా తల్లి ఇంట్లో పరాయివాణ్ణి చూసి అలా ఉలిక్కిపడడం ఎరుగుదును. నేను పరాయివాణ్ణయిపోయాననుకున్నాను" అన్నారు. నొప్పికి ఉలిక్కిపడ్డానని రెండేళ్ళలో నేనెన్నడూ చెప్పలేదు. ఆ ఒక్క వాక్యం ఇంట్లోనే అనివుంటే సరిపోయేది గదా అని మీరనవచ్చు. నిజమే. కాని ఇంట్లో రాని మాట ఆ మూడో కుర్చీ ముందు వచ్చింది. ఆ కుర్చీ వున్నది అందుకే.

ఇక ఇంటిపని ఇస్తారు. పిల్లలకు మేమిచ్చినట్టే! అమెరికాలో మాస్టర్స్, జాన్సన్ అనే ఇద్దరు పరిశోధకులు 1970లో ప్రకటించిన గ్రంథంతో ఈ పద్ధతి లోకమంతా వ్యాపించింది. దంపతులు కొన్నాళ్ళపాటు కలయిక మాట తలపెట్టకూడదు. చేతులు, వీపు, తల నిమురుకుంటూ, ఏది హాయిగా వుందో, ఏది లేదో ఒకరికొకరు చెప్పుకోవాలి. ఆపై వారం వారం కొద్దికొద్దిగా ముందుకు వెళ్ళాలి. వినడానికి వింతగా వుంటుంది. కాని పరీక్ష లేదని తెలిసిన పిల్లవాడు పాఠాన్ని ఎంత ఇష్టంగా వింటాడో నాకు బాగా తెలుసు. ఇదీ అంతే. "జరుగుతుందా, జరగదా" అన్న భయం తొలగితే శరీరం తన పని తాను నేర్చుకుంటుంది.

ఎన్నాళ్ళు? సాధారణంగా వారానికో, రెండు వారాలకో ఒకసారి, ఒక్కొక్కసారి ముప్పావుగంట నుంచి గంట. కొందరికి నాలుగైదుసార్లు చాలు, కొందరికి నెలలు పడుతుంది. అందరికీ గుణమిస్తుందని హామీ ఇచ్చేవాళ్ళు నిజం చెప్పడం లేదన్నమాట. కొందరు దంపతులు మాట్లాడుకుని, విడిపోవడమే మేలని తెలుసుకుంటారు. పెళ్ళికానివాళ్ళు, ఒంటరివాళ్ళు కూడా వెళ్ళవచ్చు. భర్త రానంటే భార్య ఒక్కతే వెళ్ళినా ఉపయోగమే.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. ఇంట్లో కొట్టడం, బెదిరించడం, బలవంతపెట్టడం వుంటే ఇద్దరూ పక్కపక్కన కూర్చుని మాట్లాడే వైద్యానికి అది సమయం కాదు. అక్కడ నోరు విప్పి చెప్పిన నిజానికి ఇంటికొచ్చాక దెబ్బలు తినవలసి రావచ్చు. ముందు మీ రక్షణ చూసుకోండి. స్త్రీల సహాయానికి 181 నంబరు వున్నది. మొగుణ్ణి సంతోషపెట్టడం నేర్పేదే ఈ వైద్యమని ఎవరైనా అంటే నమ్మకండి. ఇష్టం లేనప్పుడు "వద్దు" అని చెప్పడం, ఆ మాటను మన్నించడం కూడా ఇందులో పాఠమే.

ఎక్కడికి వెళ్ళాలి? బస్టాండు గోడలమీద "రహస్య వ్యాధులకు గ్యారంటీ చికిత్స" అని కనిపించే చోటికి మాత్రం కాదు. అలాంటి ప్రకటనలను మన దేశంలో 1954లోనే చట్టం నిషేధించింది. అయినా గోడలు ఖాళీగా లేవు! విశాఖలో ప్రభుత్వ మానసిక వైద్యశాల వున్నది. వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగాలున్నాయి. అక్కడ అడిగితే ఎవరి దగ్గరికి వెళ్ళాలో చెబుతారు. పట్నం దూరమైతే 14416కు ఫోను చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలి మానస్ అది. ఖర్చు లేదు, రాత్రింబవళ్ళు పలుకుతుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు. మా కొండల్లో సిగ్నలు అందడం ఒక్కటే కష్టం.

కొండల్లో వాళ్ళకు ఇలాంటి బాధలుండవని పట్నంలో కొందరనుకుంటారు. పద్దెనిమిదేళ్ళుగా ఇక్కడ పాఠం చెబుతున్నాను. నా దగ్గర చదువుకుని పెళ్ళిచేసుకున్న ఆడపిల్లలు సంతలో కనిపించి, కూరగాయల గంప ప్రక్కన నిలబడి, గొంతు తగ్గించి అడిగే ప్రశ్న మీ ప్రశ్నే, చెల్లెమ్మా. మన పెద్దలు ధర్మార్థకామమోక్షాలని నాలుగు పురుషార్థాలు చెప్పారు. కొక్కోకాన్ని కూచిరాజు ఎఱ్ఱన తెలుగులో పద్యకావ్యంగా వ్రాశాడు. మన కాలంలో విజయవాడ డాక్టరు సమరంగారు ఏళ్ళ తరబడి తెలుగు పత్రికల్లో ఈ సందేహాలకు సమాధానాలు వ్రాస్తూ వచ్చారు. అయినా ఇంట్లో మాత్రం మనం నోరు మెదపం. అడగందే అమ్మయినా పెట్టదంటారు. నొప్పి చెప్పందే మొగుడికెలా తెలుస్తుంది?

మా సంగతి అడుగుతారేమో. ఆరుసార్లు విశాఖ వెళ్ళాం. అన్నీ చక్కబడ్డాయని వ్రాస్తే అబద్ధమవుతుంది. ఇరవై ఏళ్ళనాటి శరీరాలు తిరిగి రావు. కాని మా వారు శనివారం బస్సు తప్పడం లేదు. జవాబు పత్రాలు నేను ఆదివారం మధ్యాహ్నం దిద్దుకుంటున్నాను. "ఈ రోజు నొప్పిగా వుంది" అని చెప్పగలుగుతున్నాను. ఆయన "సరే" అని కాఫీ కలుపుకు వస్తారు. ఇద్దరం వరండాలో కూర్చుని త్రాగుతాం. రెండేళ్ళు ఆ కాఫీ కూడా లేకుండా గడిపాం.

మీ చీటీకి పురుగు పట్టకముందే డబ్బాలోంచి తీయండి. ఈ వ్యాసం మీ వారి బల్లమీద మడిచిపెట్టండి. మీరేమీ అనక్కరలేదు, చదవడం ఆయన వంతు. వెళ్ళివచ్చాక వీలైతే నాకొక ముక్క వ్రాయండి.