స్టార్‌లింక్ అయ్యుంటుందిలే!

రాత్రి డాబా మీద పడుకున్న మనిషి ఆకాశంలో ఏదో వెలుగు చూశానని పొద్దున చెబితే, వినేవాళ్ళలో కాస్త చదువుకున్నవాడి నోట మొదట వచ్చే మాట ఇదే, అంటే అవి ఇంటర్నెట్ ఉపగ్రహాలేనని. ఎన్నింటికి చూశావు, ఏ దిక్కున, ఎంతసేపు ఉంది అని ఒక్క ప్రశ్న ఉండదు. గ్రహాంతరవాసులనీ అరిష్టమనీ నమ్మేవాళ్ళకంటే తాను ఒక మెట్టు పైన ఉన్నానని చూపించుకునే తొందరే గానీ, ఆ వెలుగేమిటో తెలుసుకుందామన్న ఆత్రం ఉండదు. దీనికి మనం శాస్త్రీయ దృక్పథమని పేరు పెట్టుకున్నాం. నా మటుకు నాకు ఇది వట్టి బద్ధకం.

చాలా వెలుగులకు మామూలు కారణాలే ఉంటాయి, కాదనను. 2022 డిసెంబరు 15 సాయంత్రం బెంగాల్, ఒడిశాల్లో జనాన్ని బయటికి రప్పించిన వింత కాంతి సరిగ్గా అగ్ని-5 క్షిపణి పరీక్ష వేళకే కనబడింది. నేల మీద చీకటి పడ్డాక కూడా చాలా ఎత్తున సూర్యకాంతి ఉంటుంది. క్షిపణి వదిలిన పొగ అక్కడ మెరుస్తుంది. శ్రీహరికోటలో సందెవేళ రాకెట్ లేచినప్పుడు నెల్లూరు తీరం వాళ్ళకు ఇది వింతేమీ కాదు. అయితే ఈ జవాబు మనకెలా దొరికింది? చూసినవాళ్ళు చెప్పిన వేళనూ దిక్కునూ పరీక్ష వేళతో సరిపోల్చితేనే కదా! అడక్కుండా చెప్పిన జవాబు ఒకవేళ నిజమైనా, అది ఊహ ఫలించడమే.

ఫలించనప్పటి సంగతి చూడండి. అదే ఏడాది ఏప్రిల్ 2 రాత్రి మహారాష్ట్రలో నిప్పుకణికల వరుస ఒకటి ఆకాశాన్ని దాటింది. ఉల్కలని తేల్చేసినవాళ్ళకు కొదవలేదు. కానీ ఉల్క సాధారణంగా రెప్పపాటులో, మహా అయితే కొద్ది సెకన్లలో ఆరిపోతుంది. ఇవి ఒకదాని పక్కన ఒకటి తాపీగా సాగాయి. కక్ష్య నుంచి జారి, వాతావరణంలోకి ఏటవాలుగా దిగి, ముక్కలై కాలే వస్తువు నడక అది. చంద్రపూర్ జిల్లాలో ఒక పెద్ద లోహపు రింగు పడి ఉండటం, చైనా రాకెట్ భాగం కిందికి దిగిన లెక్క ఆ దృశ్యానికి సరిపోవడం తర్వాతి కథ. మెల్లగా, వరుసగా వెళ్ళాయన్న మాటలో జవాబు సగం ఉంది. ఆ మాట చెప్పింది నిపుణులు కారు, వీధిలో నిలబడి చూసినవాళ్ళు.

ఈ జబ్బు పాతదే. 1768లో ఫ్రాన్స్‌లోని లూసె దగ్గర పొలం పనివాళ్ళు ఆకాశం నుంచి రాయి పడటం చూశామన్నారు. రసాయన శాస్త్రవేత్త లవోయిజే వంటి మేధావి ఉన్న ఫ్రెంచి శాస్త్ర అకాడమీ బృందం, రాయి ఆకాశం నుంచి పడలేదనీ, భూమిలో ఉన్నదాని మీదే పిడుగు పడిందనీ తేల్చింది. ఆనాటి స్టార్‌లింక్ పిడుగన్నమాట! 1803లో అదే దేశంలోని లెగ్ల్ ఊరి చుట్టుపక్కల వేల రాళ్ళు కురిసినప్పుడు బియో అనే యువ శాస్త్రవేత్త వెళ్ళాడు. ఊరూరా తిరిగి, రకరకాల పనులు చేసుకునేవాళ్ళను విడివిడిగా అడిగి, వాళ్ళ మాటలనూ రాళ్ళు దొరికిన చోట్లనూ పోల్చి నివేదిక రాశాడు. ఆకాశం నుంచి రాళ్ళు పడతాయని శాస్త్రలోకం ఒప్పుకోవడానికి రాళ్ళు ఎంత సాయపడ్డాయో, ఆ ఊళ్ళవాళ్ళ మాటలూ అంత సాయపడ్డాయి.

ఆ తర్వాతా జబ్బు తగ్గలేదు. ఉరుముల మేఘాల పైన ఎర్రటి మెరుపులు చూశామని పైలట్లు దశాబ్దాల పాటు చెప్పినా పట్టించుకున్నవాళ్ళు తక్కువ. 1989లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకో పని కోసం పరీక్షిస్తున్న కెమెరాకు అవి అనుకోకుండా చిక్కాయి. ఇప్పుడు వాటిని స్ప్రైట్లంటున్నాం.

అన్నిటికంటే నాకు నచ్చింది కెనడాలోని ఆల్బర్టా ఉదంతం. అక్కడ ధ్రువకాంతుల ఫోటోలు తీసే ఔత్సాహికులకు మామూలు కాంతులకు దక్షిణంగా, తూర్పు పడమరలుగా సాగే ఊదారంగు పట్టీ ఒకటి కనబడుతుండేది. దాన్ని ప్రోటాన్ ఆర్క్, అంటే ప్రోటాన్ల వల్ల పుట్టే కాంతి అనుకున్నారు. పేరు దొరికింది, ప్రశ్న మూతపడింది. కాల్గరీ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త ఎరిక్ డోనోవన్ 2016లో ఆ ఫోటోలు చూసి, అది ప్రోటాన్ కాంతి కాదన్నాడు. ప్రోటాన్ కాంతి అలా కంటికి ఆనదు. తర్వాత, ఐరోపా వారి స్వార్మ్ ఉపగ్రహం అలాంటి పట్టీ గుండా వెళ్ళినప్పటి కొలతలు తీశారు. 300 కిలోమీటర్ల ఎత్తున ఉష్ణోగ్రత 3000 డిగ్రీలు ఎగబాకింది. 25 కిలోమీటర్ల వెడల్పున వాయువు సెకనుకు 6 కిలోమీటర్ల వేగంతో పడమరకు దూసుకుపోతోంది. పరిశోధనా పత్రం 2018లో వచ్చింది. ఇంతకీ ఔత్సాహికులు దానికి పెట్టుకున్న కొత్త పేరు స్టీవ్. ఒక కార్టూన్ సినిమాలో జంతువులు తామెన్నడూ చూడని పొదల కంచెకు పెట్టిన పేరది. తెలియనిదాన్ని తెలిసినట్టు చూపించని పేరు ఇంతకంటే ఏముంటుంది?

కళ్ళు మోసం చేస్తాయంటారు. చేస్తాయి, అయితే అన్ని విషయాల్లో కాదు. చీకట్లో ఒంటరి వెలుగు ఎంత దూరంలో ఉందో, ఎంత పెద్దదో ఎవరూ చెప్పలేరు. ఆ అంకెలు వదిలేయాల్సిందే. రంగు, దిక్కు, ఆరిన తీరు, చెట్టు కొమ్మకు పైనా కిందా, దాని వెనక చుక్కలు కనిపించాయా లేదా అన్నవి మాత్రం చాలామంది చెప్పగలరు. చేయి చాచి పిడికిలి పట్టుకుంటే దాని వెడల్పు దాదాపు పది డిగ్రీలు. దానితో ఎత్తు కొలవడానికి డిగ్రీ చదువు అక్కర్లేదు.

గ్రహాంతరవాసులని వాదించేవాళ్ళతోనూ నాకు పేచీ ఉంది. వాళ్ళూ చూసినవాడిని పూర్తిగా వినరు. తమ కథకు పనికొచ్చే ముక్క వినగానే అందుకుని పరిగెడతారు.

పూర్తిగా విని, వెళ్ళి చూసినవాళ్ళూ ఉన్నారు. నార్వేలోని హెస్‌డాలెన్ లోయలో 1980ల మొదట్లో జనం తరచూ వెలుగులు చూశారు. 1983లో వాటి కోసం ఒక ప్రాజెక్టే మొదలైంది. 1998లో ఆ లోయలో స్వయంచాలిత కెమెరా కేంద్రం పెట్టారు. కొన్ని వెలుగులు కార్ల హెడ్‌లైట్లేనని అక్కడికి వెళ్ళి కొలిచిన పరిశోధకులే చెప్పారు. అన్నిటికీ సరిపోయే, అందరూ ఒప్పుకున్న కారణం మాత్రం ఇంకా లేదు. హెడ్‌లైట్లని ఇంట్లో కూర్చునే అనేయొచ్చు. వాళ్ళు లోయకు వెళ్ళి కొలిచి మరీ అన్నారు.