ఇంటి యజమాని చెప్పిందే కుటుంబమా?

కుటుంబాన్నీ మానవ వికాసాన్నీ అధ్యయనం చేసే పద్ధతులంటూ విద్యార్థులకు శాంపిల్, ప్రశ్నావళి, పట్టికలు నేర్పుతున్నారు. ఎవరిని అడగాలి, ఎవరి ఎదుట అడగాలి అన్నది మాత్రం చిన్న విషయమైపోతోంది. అసలు రాజకీయమంతా అక్కడే ఉంది.

"మీ ఆవిడేం చేస్తుంది?" "ఏమీ చెయ్యదు, ఇంట్లోనే ఉంటుంది." జాతీయ శాంపిల్ సర్వేలో ఈ జవాబుకు 92 అనే కోడ్ ఉంది. ఇంటిపనితో పాటు కట్టెలు, పశువుల మేత కూడా తెచ్చుకునే ఆమెకు 93. ఏ అంకె పడినా ఆమె శ్రామికుల లెక్కలోకి రాదు.

అదే ప్రభుత్వం 2019లో, రోజంతా ఎవరెవరు ఏం చేశారని కాలం లెక్క తీసింది. జీతం లేని ఇంటిపని చేసేవాళ్ళలో ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు చేస్తున్నారని తేలింది. 2024లో ఆ అంకెలు 289, 88. ఈ పని కొత్తగా పుట్టలేదు, ప్రశ్న మారింది.

హింస సంగతీ అంతే. అందుకే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఆ ప్రశ్నలను ఇంటికి ఒక్క స్త్రీనే, అదీ ఏకాంతంలోనే అడగాలని నియమం పెట్టుకుంది. అత్తగారి ఎదుట అడిగితే వచ్చేది జవాబు కాదు, మర్యాద.

తెలంగాణ పోరాటంలోని స్త్రీల మాటలను ఓపిగ్గా విన్నందువల్లే స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర' తేగలిగింది.

ఇలా చేస్తే నిష్పాక్షికత పోతుందంటారు. భర్త మాటను భార్య జీవితంగా రాసుకోవడం ఏపాటి నిష్పాక్షికత? ఆమెను విడిగా అడగాలి. ఆమె పనిగంటలు లెక్కకట్టాలి. రాసుకున్నది ఆమెకు చదివి వినిపించాలి. ఇవి నేర్పని మెథడాలజీ క్లాసు పితృస్వామ్యానికి గుమాస్తాలను తయారుచేస్తుంది, పరిశోధకులను కాదు.